చెప్పిన పథ్యం

"చెప్పినా వినని మనుషుల్ని ఏం చేయాలి గురువుగారూ?" అని భార్గవ అడిగాడు. గొంతులో కోపం ఉంది.

అతను గుండెజబ్బుల వార్డులో పెద్ద డాక్టరు వేదాద్రిగారి దగ్గర శిష్యరికం చేస్తున్నాడు. ఆ ఉదయమే నూకరాజు అనే లారీ డ్రైవరును ఆయాసంతో మళ్లీ తీసుకొచ్చారు. గుండె చుట్టూ ఉండే సంచిలో నీరు చేరి గుండెను సరిగా కొట్టుకోనివ్వడం లేదు. మొదటిసారి సూదితో తీసినప్పుడు ఆ నీరు పాలలా తెల్లగా వచ్చింది. అందరూ చీము అనుకున్నారు. భార్గవ ఒక్కడే అనుమానించి పరీక్షకు పంపాడు. అది చీము కాదు, కొవ్వు. తిన్నదానిలోని కొవ్వును మోసే సన్నని నాళం చిరిగి ఆ సంచిలోకి కారుతోంది. చాలా అరుదైన జబ్బు. కొవ్వు తగలకుండా తింటే చిరుగు దానంతటదే మానవచ్చు. లేకపోతే ఛాతీ కోసి నాళాన్ని కట్టేయాలి. వార్డంతా భార్గవను మెచ్చుకుంది. జబ్బును పట్టుకున్న సంబరంలో నూకరాజు అక్క పైడితల్లితో, "గట్టి పథ్యం పెట్టమ్మా" అని ఒక్క ముక్క చెప్పి పంపేశాడు. ఇప్పుడు సూదిలోకి మళ్లీ అవే పాలు.

వేదాద్రిగారు అతన్ని నూకరాజు మంచం దగ్గరికి తీసుకెళ్లారు. మధ్యాహ్నం పైడితల్లి క్యారేజీ తెచ్చేదాకా ఆ మంచం పక్కనే కూర్చున్నారు, శిష్యుణ్ణీ కూర్చోబెట్టారు.

"తమ్ముడికి ఏం పెడుతున్నావమ్మా?"

"పథ్యమే బాబూ! కారం లేదు, పులుపు లేదు. చారు పొయ్యమని రోజూ గొడవే, అయినా నాను కరగనేదు," అంటూ మూత తీసింది. మెత్తటి అన్నం, బీరకాయ కూర, పైన తేలుతున్న నెయ్యి. కింది గిన్నెలో మీగడ కట్టిన పాలు. "నీరసపడిపోనాడని నెయ్యి మాత్రం లోటు చెయ్యనేదు."

"మా అప్ప జైలరు బాబూ. ఊరగాయ మొహం చూసి ఎన్నాళ్లయిందో," అన్నాడు నూకరాజు, ఆయాసపడుతూనే నవ్వి.

భార్గవ తల దించుకున్నాడు. జ్వరం పడి లేచినవాడికి ఏ ఇంట్లోనైనా పథ్యమంటే అదే. చిన్నప్పుడు తన తల్లి తనకు కలిపి పెట్టిందీ అదే. ఏది మానాలో అతను చెప్పలేదు.

వేదాద్రిగారు ఆమెను నొప్పించకుండా నెయ్యీ పాలూ మానిపించారు. అప్పటికే ఆలస్యమైంది. నీరు ఆగలేదు, ఛాతీ కోయక తప్పలేదు. ఒంట్లో సత్తువంతా కారిపోయిన మనిషి తట్టుకోలేకపోయాడు. నూకరాజు బల్ల మీదనే పోయాడు.

తమ్ముణ్ణి బండి ఎక్కించాక పైడితల్లి వెనక్కి వచ్చి భార్గవ చెయ్యి పట్టుకుంది. "బాబూ, నిజం చెప్పు. నా పథ్యంలో ఏదన్నా లోపం జరిగిందా?"

అతను గురువు వైపు చూశాడు. వేదాద్రిగారే ముందుకొచ్చి, "లేదు తల్లీ. చెప్పింది చెప్పినట్టే చేశావు," అన్నారు.

బండి గేటు దాటింది. అప్పుడు గురువు శిష్యుడి వైపు తిరిగారు.

"విన్నది నాయనా," అన్నారు. "ఆమె విన్నది."