శకటు ముందు బంటు

“బైరన్నా! ఒరే నాయనా, బైరన్నా!”

కోట వాకిట్లో పెళ్ళిబాజాలు మోగుతున్నాయి. వాటిని మించి పోలమ్మ కేక వినిపిస్తోంది. ఏడు సముద్రాల అవతలినుంచి యువరాజు మణికేతుడు రాకుమారి హేమలతను తెచ్చాడు. పడవ నడిపిన బైరన్న మాత్రం తిరిగి రాలేదు. అలలో పడి పోయాడని అందరికీ చెప్పాడు మణికేతుడు.

“నా కొడుకు చేపపిల్లలాంటోడు. అలలో పోతాడా?” అని అడుగుతోంది తల్లి.

జరిగింది వినండి పిల్లలూ. అనగనగా ఆ రాజుగారికి ముగ్గురు కొడుకులు. హేమలతను చెరపట్టిన మాంత్రికుడు కంకాళుడితో చదరంగం గెలిస్తేనే ఆమెకు విడుదల. బొమ్మలన్నీ చెక్కవే కానీ, చెరో వైపు ఒక్కటి ప్రాణమున్నది ఉండాలి. కంకాళుడి రాజుగడిలో రామచిలుక ఉండేది. వాడి ప్రాణం దాంట్లోనే.

పెద్దవాడు వెళ్ళాడు. తోడొచ్చిన మనిషిని కాచుకుంటూ ఆడి ఓడాడు. ఇద్దరూ బూడిదయ్యారు. రెండోవాడూ అలాగే ఒకణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళాడు. వాళ్ళూ బూడిదయ్యారు.

మూడోవాడు మణికేతుడు. దారిలో దాహంతో ఉన్న కాకికి నీళ్ళు పోస్తే అది చెప్పింది.

“వాడు ఆశపోతు. రెండో ఎత్తులోనే శకటు ముందు బంటుని ఎర వెయ్యి. వాడి బంటు దాన్ని తినడానికి పక్కకి జరిగితే నడిమి దారి నీదే.”

“ఇది పాత ఎత్తేనా?”

“మీ ముత్తాతల నాటిది. దాంతో గెలిచిన రాజుల పేర్లు ఎన్నైనా చెప్తాను. బంటు పేరు మాత్రం అడక్కు. ఎవరూ గుర్తుపెట్టుకోలేదు.”

ఆట మొదలైంది. శకటు ముందు గడిలో ప్రాణమున్న బంటుగా బైరన్న నిలబడ్డాడు.

“పడవలోనూ నేనే ముందు, ఇక్కడా నేనే ముందా దొరా?” అని నవ్వాడు బైరన్న.

“నీకేం కాదులేరా,” అన్నాడు మణికేతుడు.

రెండో ఎత్తులో బైరన్న అడుగు ముందుకేశాడు. కంకాళుడు లొట్టలేస్తూ తినేశాడు. గడిలో గుప్పెడు బూడిద మిగిలింది. తెరుచుకున్న దారిలో గుర్రం దూకింది, శకటు దూకింది, మంత్రి దూకాడు. ఆట కట్టు! చిలుక మెడ వాల్చేసింది. మాంత్రికుడు కుప్పకూలాడు.

తరవాత పెళ్ళయింది, మణికేతుడు చాలాకాలం రాజ్యమేలాడు. అదంతా నిజమే. కానీ ఆ పూట పీటల మీద కూర్చోబోతూ మళ్ళీ ఆ కేక విన్నాడు.

“ముహూర్తం దాటిపోతోంది బాబూ!” అన్నాడు పురోహితుడు.

మణికేతుడు పూలదండ తీసేసి వాకిట్లోకి నడిచాడు. బాజాలు ఆగిపోయాయి. పోలమ్మ కాళ్ళ దగ్గర కూలబడ్డాడు.

“బైరన్న అలలో పోలేదమ్మా. నేనే ఎరగా పెట్టాను. పెడతానని నాకు ముందే తెలుసు. తెలిసే, నీకేం కాదని వాడికి చెప్పాను.”