మిగిలిన నేరేడు పండు

ఆషాఢ శుద్ధ దశమి, గురువారం, ఉదయం తొమ్మిది గంటలు. ఏలేటికోన అడవిలో జింకలు, కుందేళ్ళు, అడవికోళ్ళు పనులు మానుకుని మద్దిచెట్టు కిందికి చేరాయి. పంతుళ్ళు కాబోయేవాళ్ళకు ఆవేళ పరీక్ష. పిల్లల ముందు నిలబడి లెక్కల పాఠం చెప్పాలి. చెప్పలేనివాళ్ళు ఇంటిదారి పట్టాల్సిందే.

పరీక్షకు వచ్చినవాళ్ళలో ఉడుత వరాలు ఒకతె. పంతులమ్మ కావాలని చిన్నప్పటి నుంచీ ఆశ. కానీ లెక్కలు మన ఇంటా వంటా లేవని నాన్న అంటూ ఉండేవాడు. వరాలు కూడా అదే నమ్మింది.

ముందు నెమలి నీలాంబరం లేచింది. లెక్కలు పుట్టుకతో రావాలని, తనకు అలాగే వచ్చాయని దాని ధీమా. పాఠమంతా బట్టీ పట్టింది, పిల్లలు చెప్పబోయే జవాబులతో సహా.

"పన్నెండు నేరేడు పళ్ళు ముగ్గురికి పంచితే తలా ఎన్ని?" అంది.

జింకపిల్ల లేచింది. "మేం నలుగురం ఉన్నాం కదండీ?"

"నా పాఠంలో ముగ్గురే. నువ్వు కూర్చో."

జింకపిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మిగతా పిల్లలు మరి నోరు విప్పలేదు. తాను అనుకున్న జవాబులు రాక నెమలి పాఠం మధ్యలోనే ఆగిపోయింది.

వరాలు వంతు వచ్చింది. పళ్ళబుట్ట ముందు నిలబడగానే నేర్చుకున్నదంతా మరిచిపోయింది. నానమ్మ ఒక్కతే గుర్తొచ్చింది. సాయంత్రం దీపం పెట్టాక నానమ్మ మనవలందరినీ వరసగా కూర్చోబెట్టేది. నైవేద్యం పళ్ళు తలా ఒకటి చొప్పున వేస్తూ, మళ్ళీ మొదటివాడి దగ్గరికి వచ్చేది. నానమ్మ పోయి ఏళ్ళు గడిచినా, ఆ చేతుల కర్పూరం వాసన ఇంకా ముక్కుకు తగులుతున్నట్టే ఉంది.

వరాలు కూడా బుట్టలోని పదమూడు పళ్ళను అలాగే నలుగురు పిల్లలకూ పంచింది. చివరికి ఒక పండు మిగిలింది.

"ఇది ఎవరికండీ?" అంది జింకపిల్ల.

"పంచగా మిగిలింది దేవుడిదని మా నానమ్మ అనేదమ్మా. లెక్కల్లో దాన్నే శేషం అంటారు" అంది వరాలు. అన్నాక తనే ఆశ్చర్యపోయింది. నానమ్మ రోజూ చేసింది భాగహారమే.

పిల్లలు మళ్ళీ పంచుదామంటూ బుట్ట చుట్టూ మూగారు.

పరీక్ష పెట్టిన ఏనుగమ్మ బడిని వరాలుకు అప్పగించింది. నెమలిని మాత్రం దగ్గరకు పిలిచింది. "నాయనా, ఈ ఏడు నువ్వు పిల్లల మధ్య కూర్చో. పాఠం చెప్పడం సంగతి తర్వాత చూద్దాం" అంది.

మర్నాడు పొద్దున్నే ఉడుతల ఇంట్లో అందరూ స్నానాలు చేసి దేవుడికి దండం పెట్టుకున్నారు. లెక్కలు తమ ఇంటా వంటా లేవన్న నాన్నే నేరేడు చెట్టెక్కి కొమ్మలు దులిపాడు. అమ్మా, తమ్ముళ్ళూ కింద పళ్ళు ఏరి, బడికి బయల్దేరిన వరాలు చేతికిచ్చారు.

నీతి: లెక్కలు కొందరికే పుట్టుకతో వస్తాయనుకోవడం పొరపాటు, పిల్లల మాట వినే ఓర్పు ఉంటే చెప్పేవారికీ వస్తాయి, నేర్చుకునేవారికీ వస్తాయి.