బల్లమీద వెలిగే బోర్డు

నెలలు నిండని బిడ్డలను వెచ్చగా ఉంచే యంత్రం అది. దాని కంట్రోల్ బోర్డును సుంకన్న పొద్దున బాగుచేసి, "ఇంక ఆగదక్కా, ధైర్యంగా తీసుకుపో" అని ఆసుపత్రి నర్సు సలోమికి ఇచ్చాడు. మధ్యాహ్నానికి ఆమె బోర్డును, దాన్ని బిగించే చిన్న పెట్టెతో సహా, మళ్లీ కర్నూలు పాతబస్తీలో అతను పనిచేసే రిపేరు కొట్టుకు తెచ్చింది. పెట్టెలో బిగించగానే ఆగిపోయిందట.

"మరి బిడ్డ?" అన్నాడు సుంకన్న.

"ఇంకో యంత్రంలో ఇంకో బిడ్డ పక్కన పడుకోబెట్టినాం. ఇద్దరికీ అది చాలదు. తొందరగా చూడు."

సుంకన్న పనిమంతుడే. ఆ సంగతి అతనికి మరీ బాగా తెలుసు.

బోర్డును బల్లమీద పెట్టి కరెంటిచ్చాడు. హీటరుకు బదులు తగిలించిన బల్బు వెలిగింది. పెట్టెలో బిగించాడు. ఆరిపోయింది. విప్పాడు. వెలిగింది.

చెమట పట్టింది. సోల్డరింగ్ ఐరన్ అందుకుని, ఒక మూల నుంచి టంకం మీద టంకం వేస్తూ పోయాడు. దొంగ ఎవడో తెలియక ఊరందరినీ కొట్టినట్టుంది. ఒకచోట వేడి ఎక్కువై బోర్డు మీది రాగి పొర పైకి లేచింది. సలోమి ఫోను మోగింది. ఆసుపత్రి నుంచి. "ఇంకా కాలేదు," అందామె. సుంకన్న ఇంకా తొందరపడ్డాడు.

అతని గురువు మొహిద్దీన్ ఉస్తాద్ నమాజు ముగించుకుని వచ్చాడు. లేచిన రాగి పొరను చూశాడు. ఐరన్ ప్లగ్గు పీకేశాడు.

"ఉస్తాద్, అక్కడ బిడ్డ..."

"అందుకే పీకినా."

గూట్లో నుంచి కాలిపోయిన అగరొత్తి పుల్ల తీసి సుంకన్న చేతిలో పెట్టాడు. "కరెంటియ్యి. ఒక్కో సామానునూ పుల్లతో మెల్లగా ఒత్తు. బల్బును చూడు. చేయి తగలనీకు."

"అంత టైము లేదు ఉస్తాద్."

"కాల్చేదానికి ఉండింది గదబ్బీ."

సుంకన్న తల వంచుకుని ఒత్తసాగాడు. కెపాసిటర్లు, రెసిస్టర్లు, కాయిల్. బల్బు రెప్ప వేయలేదు. చివరి మూల దాకా వచ్చాడు.

"ఏమీ దొరకలేదు."

"అన్నీ ఒత్తినావా?"

"అన్నీ. ఆ కొత్త రిలే తప్ప. అది పొద్దున నేను వేసిందే."

ఉస్తాద్ భూతద్దం తీసి బల్లమీద పెట్టాడు.

సుంకన్న పుల్లను, హీటరుకు కరెంటు వదిలే ఆ రిలే మీద పెట్టి ఒత్తాడు. బల్బు ఆరింది. తీశాడు. వెలిగింది.

కరెంటు తీసి బోర్డు తిప్పాడు. మొత్తం బోర్డులో అందమైన టంకం ఆ రిలేదే. గుండ్రంగా, ముత్యంలా ఉంది. అన్నిటినీ కాల్చినవాడు దాన్ని మాత్రం ముట్టలేదు. భూతద్దం పెట్టి చూస్తే, బోర్డులోకి దిగిన రిలే కాలి చుట్టూ వెంట్రుకంత సందు. ఎన్నాళ్లుగానో డబ్బాలో పడి ఉన్న రిలే అది. కాలికి పట్టిన నలుపు గీకకుండానే పైన టంకం పోశాడు. అది కాలిని పట్టుకోలేదు, పక్కన కూర్చుందంతే. పెట్టెలో బిగించి బోర్డు వంగినప్పుడల్లా ఆ సందు విడిపోతోంది.

ఐరన్ మళ్లీ వేడెక్కాలి. ఆలోగా సుంకన్న గీకడానికి బ్లేడు తీసి పెట్టుకున్నాడు.

పాత టంకం తీసేసి, కాలిని తెల్లబడేదాకా గీకాడు. కాలినీ రాగినీ కలిపి వేడిచేశాడు. టంకం నీళ్లలా పాకి కాలి చుట్టూ ఎక్కింది. గట్టిపడేదాకా అతను కదల్లేదు. లేచిన పొర దగ్గర చిన్న తీగ వేసి కలిపాడు. పెట్టెలో బిగించాడు. బల్బు వెలిగింది. పెట్టెను తలకిందులు చేసి తట్టాడు. వెలుగుతూనే ఉంది.

సలోమి పెట్టె అందుకుంటూ అడిగింది. "ఇంక ఆగదు గదా?"

సుంకన్న ఐరన్ ప్లగ్గు పీకాడు. చెప్పులు వేసుకున్నాడు.

"నేనూ వస్తానక్కా. బిడ్డను పడుకోబెట్టినాక కాసేపు పక్కనే కూర్చుంటా."

సలోమి ఉస్తాద్ వైపు చూసింది.

"తీసుకుపోమ్మా," అన్నాడాయన. "పొద్దునే వీణ్ని నీతో పంపాల్సింది."