ఎల్లాజీ వాటా

అనగనగా ఒక ఊళ్ళో, ఎటు చూసినా ఇసకే ఉన్న జాలర్ల ఊళ్ళో, పోలమ్మ అని ఒకావిడ ఉండేది. ఆవిడ నోరు పెద్దది, మనసు ఇంకా పెద్దది. ఒక్కడే కొడుకు, ఎల్లాజీ. కోడలు కాసులు.

ఎల్లాజీ నేవీలో చేరాడు. అప్పుడు యుద్ధం వచ్చింది. వాడెక్కిన ఓడ యుద్ధానికి పోయింది.

ఆ ఊళ్ళో ఒక పద్ధతుంది బంగారూ. పడవ ఒడ్డుకి రాగానే చేపలు కుప్పలు పోస్తారు, మనిషికొక వాటా. దూరం వెళ్ళినవాడికి కూడా ఒక కుప్ప పడుతుంది. ఆ కుప్ప పడినన్నాళ్ళూ మనిషి ఉన్నట్టే.

పోలమ్మకి మాత్రం కుదురు లేదు. కాలుగాలిన పిల్లిలా ఇంట్లోంచి ఒడ్డుకి, ఒడ్డు నుంచి ఇంట్లోకి. పొయ్యి మీద కూర మాడిపోయేది. తిట్లు మాత్రం కాసులుకి.

అప్పుడు ఒకరోజు నేవీ ఆఫీసరు వచ్చాడు. ఓడ మునిగిపోయిందమ్మా, ఎవరూ దక్కలేదు అన్నాడు తల దించుకుని.

"చేపపిల్లకి ఈత నేర్పాలేటి బాబూ? ఈదుకొని వత్తాడు," అంది పోలమ్మ. ఆయనకి మజ్జిగ ఇచ్చి పంపేసింది. మర్నాడూ వాటా పోయించింది.

ఆ తర్వాత ఊరి పెద్ద దానయ్య వచ్చాడు. వాటా ఆపి, బిడ్డకి చెయ్యాల్సింది చేద్దామన్నాడు. పోలమ్మ తిట్టిన తిట్లకి పాపం చెప్పులు వదిలేసి పోయాడు.

ఆ తర్వాత వానలొచ్చాయి, వెళ్ళాయి. పోలమ్మ తిరుగుడు ఆగలేదు. కాసులు ఆ వాటా చేపలే తట్టకెత్తుకుని అమ్ముకొచ్చేది. నవ్వదు, ఏడవదు. కంచంలో సగం వదిలేస్తుంది.

ఒక పొద్దున ఒడ్డున కుప్పలు పోస్తుంటే కాసులు తట్ట కింద పెట్టేసింది.

"అత్తా, ఆ వాటా పడినన్నాళ్ళూ నీ కొడుకు బతికే ఉన్నాడు. బతికున్న మడిసి కోసం ఎలాగ ఏడిసేది? నాకు ఏడవాలనుందత్తా."

పోలమ్మ ఎల్లాజీ కుప్ప వైపు తిరిగింది. కొడుకుని దాచుకుంటున్నాననుకుంది గానీ, ఈ పిల్ల గొంతు నొక్కేస్తున్నానని తెలీలేదు పిచ్చితల్లికి. అప్పుడు తనే వంగింది. ఎల్లాజీ కుప్పని దోసిళ్ళతో ఎత్తి మిగతా కుప్పల్లో కలిపేసింది. కలిపేసి ఇసకలో కూలబడింది.

"రాయే అమ్మా," అంది.

కాసులు అత్త ఒళ్ళో పడి ఊరంతా వినేలా ఏడ్చింది. పోలమ్మా ఏడ్చింది. ఆ తర్వాత ఇద్దరూ చేతులు పట్టుకుని ఇంటికి నడిచారు. దారిపొడుగునా పోలమ్మ వెనక్కి తిరిగి సముద్రం వైపు చూస్తూనే ఉంది. ఈసారి కాసులు కూడా ఆగి, ఆవిడతో పాటు చూసింది.

కథ వెళ్ళె కంచికి,
అల వెళ్ళె లోనికి,
మనం వచ్చాం ఇంటికి,
నిద్ర రానీ కంటికి.