గవరమ్మ రెండో మెరుపు

అనగా అనగా, సూర్యుడు తప్ప ఇంకో గడియారం లేని రోజుల్లో, ఒక రాజ్యం ఉండేదట. పొద్దు పొడిచే వైపు సముద్రం. పొద్దు గుంకే వైపు నల్లకొండలు. నడుమ ఎన్ని ఊళ్ళున్నాయో లెక్కపెట్టినవాళ్ళు లేరు. ప్రతి ఊళ్ళోనూ ఒక గుంజ పాతి ఉండేది. ఆ గుంజ నీడ పొట్టిదై, ఇంకా పొట్టిదై, దాని మొదట్లో ముడుచుకోగానే, అదిగో మధ్యాహ్నం అని గంట కొట్టేవాళ్ళు. అక్కణ్ణించి గడియలు లెక్క. నీళ్ళ తొట్టిలో చిల్లుగిన్నె వదిలితే అది మునగడానికి పట్టేంత సేపు ఒక గడియ. అరవై సార్లు మునిగితే మళ్ళీ మధ్యాహ్నం.

ఎవరి నీడ వారిది. ఎవరి మధ్యాహ్నం వారిది. అయినా అందరిదీ ఒకటే అనుకునేవాళ్ళు. ఎక్కడో ఉన్న ఊరి నీడను ఎవరు చూడొచ్చారు?

ఆ సముద్రం ఒడ్డున, ఉప్పు మళ్ళలో, గవరమ్మ అని ఒక కూలి పిల్ల ఉండేది. చీర మోకాళ్ళదాకా ఎగ్గట్టి, చెక్క పలకతో ఉప్పు లాగి కుప్ప పోసేది. ఉప్పు నీళ్ళలో నాని నాని అరికాళ్ళు పగిలిపోయి ఉండేవి. కానీ దాలయ్య ఎద్దుల గంటలు వినబడితే ఆ కాళ్ళతోనే పరుగెత్తేది. దాలయ్య ఆమె మొగుడు. ఆరు ఎద్దుల వీపుల మీద ఉప్పు పెరికె సంచులు వేసుకుని పడమటి ఊళ్ళకు పోయేవాడు. వానలు పడేలోగా తిరిగి వచ్చేవాడు. పోవడం, రావడం, పోవడం, రావడం. అలా మూడేళ్ళు గడిచాయి.

అప్పుడు రాజుగారి మనుషులు వచ్చారు. నల్లకొండల కనుమలో కాపలాకు ఊరికొక మనిషి కావాలన్నారు. కనుమ రాయి మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తే మళ్ళీ ఏడేళ్ళదాకా కొండ దిగకూడదన్నారు. ఆ ఊరి తరఫున దాలయ్య పేరు పడింది.

బయల్దేరే రోజు దాలయ్య ఉప్పు మడి దగ్గరికి వచ్చాడు. గవరమ్మ పలక వదల్లేదు.

"ఏడేళ్ళు మావా," అంది తల ఎత్తకుండా. "నీ ముఖం మరిచిపోతానేమో."

"మరిచిపోయే ముఖమటే ఇది? ఈ ముక్కు చూడు, పెరికె మూతి కట్టినట్టు లేదూ?"

గవరమ్మ నవ్వలేదు. దాలయ్య కిందికి చూశాడు. తెల్లటి ఉప్పు మీద ఇద్దరి నీడలూ పొట్టివై, పిల్లి కూనల్లా కాళ్ళ దగ్గర ముడుచుకుంటున్నాయి.

"ఇదిగో గవరా," అన్నాడు. "ఇట్టా నీడ కాళ్ళ కిందికి రాగానే చేతిలో పని కింద పెట్టు. నన్ను తలుచుకో. అక్కడ నా నీడ నా కాళ్ళ కిందికి రాగానే నేనూ నిన్ను తలుచుకుంటా. ఇద్దరం ఒక్క ఊపిరిలో తలుచుకున్నామనుకో, ఇంక నడుమ దూరమెక్కడుంది?"

"రోజూనా?"

"రోజూ."

"మబ్బు పడితే?"

"మబ్బు పడితే అలవాటు మీద తలుచుకో."

అప్పుడు నవ్వింది గవరమ్మ. ఆ నవ్వు చూసుకుని వెళ్ళిపోయాడు దాలయ్య.

ఆ మర్నాటి నుంచి నీడ కాళ్ళ కిందికి రాగానే గవరమ్మ పలక కింద పెట్టేది. పడమటికి తిరిగేది. కళ్ళు మూసుకుని ఒక్క ఊపిరి తీసేది. ఆ ఒక్క ఊపిరిలో దాలయ్య చెమట వాసన, ఎద్దుల గంటలు, పెరికె మూతి లాంటి ముక్కు, అన్నీ వచ్చేవి. కళ్ళు తెరిస్తే ఉప్పు.

మళ్ళలో పనిచేసే సూరమ్మ ఆటపట్టించేది. "మొగుడేమో కొండల్లో. దీని కాపురమేమో నీడతో!"

"నీ మొగుడు పక్కనే ఉంటాడు గదా అత్తా, రోజుకోసారైనా తలుచుకుంటావా?" అనేది గవరమ్మ.

"తలుచుకోకేం, తిట్టాలంటే తలుచుకోవద్దూ?" అనేది సూరమ్మ. మళ్ళంతా నవ్వులు.

ఒక ఏడు గడిచింది. రెండేళ్ళు గడిచాయి. మూడేళ్ళు గడిచాయి.

అప్పుడు రాజుకు లేకలేక కొడుకు పుట్టాడు. పున్నమి నాటి మధ్యాహ్నం రాజ్యమంతా ఒక్కసారిగా నా బిడ్డ పేరు పలకాలి అన్నాడు రాజు. సముద్రం నుంచి నల్లకొండలదాకా గుట్ట గుట్టకూ ఒక మనిషిని పెట్టించాడు. మనిషి మనిషికీ అద్దంలా తోమిన ఇత్తడి పళ్ళెం ఇచ్చాడు. మధ్యాహ్నం కాగానే తూర్పు వాళ్ళు పళ్ళెం ఎండలో తిప్పి మెరిపించాలి, పడమటి వాళ్ళూ మెరిపించాలి. గుట్ట మీది మనిషి తనకు అందిన మెరుపును అవతలి గుట్టకు అందించాలి. తన కోట మీద నిలబడి రాజు రెండు మెరుపులూ ఒక్కసారే చూడాలి. అదీ ఆయన ముచ్చట.

పున్నమి వచ్చింది. తూర్పు మెరుపు ముందు వచ్చింది. కాసేపటికి కోట గంట మోగింది. ఇంకా కాసేపటికి, అందరూ బిడ్డ పేరు పలికి గొంతు సవరించుకున్నాక, పడమటి మెరుపు వచ్చింది.

రాజుకు కోపం వచ్చింది. "నా బిడ్డ పేరు పలకడానికి కూడా ఒకరికి తొందర, ఒకరికి బద్ధకమా? ఇంకో మూడు రోజులు మెరిపించండి. అబద్ధమాడేది ఎవరో తేలుస్తా."

ఈ వింత చూడ్డానికి తూర్పు ఒడ్డు గుట్ట మీదికి ఊరంతా ఎక్కింది. గవరమ్మా ఎక్కింది. గుట్ట మీది గుంజ నీడ ముడుచుకుంది. మనవాళ్ళు పళ్ళెం మెరిపించారు. గవరమ్మ కళ్ళు మూసుకుని తన ఊపిరి తను తీసుకుంది. కళ్ళు తెరిచింది. పడమట ఏమీ లేదు. నీడ అటు తిరిగింది. సాగింది. అప్పుడు, అప్పుడొచ్చింది పడమటి మెరుపు.

"ఇప్పుడు లేచారర్రా పడమటోళ్ళు!" అని ఊరంతా నవ్వింది.

గవరమ్మ మాత్రం ఉన్నచోటనే కూలబడింది.

"ఏమే, ఎండ దెబ్బా?" అంది సూరమ్మ.

"ఆయన నీడ ఇప్పుడొచ్చింది అత్తా, కాళ్ళ కిందికి," అంది గవరమ్మ. "మూడేళ్ళుగా నేను తలుచుకునేటప్పుడు ఆయన తన పనిలో ఉన్నాడు. ఆయన తలుచుకునేటప్పుడు నేను ఉప్పు లాగుతున్నాను. ఒక్క రోజు, ఒక్క రోజు కూడా కలవలేదు."

ఆ రోజు ఆమె మళ్ళీ మడిలోకి దిగలేదు. కొబ్బరి చిప్పకు చిల్లు పెట్టి, ఊరి చిల్లుగిన్నెతో సరిచూసుకుంది. రెండో రోజు తన నీడ ముడుచుకోగానే చిప్పను నీళ్ళ మీద వదిలింది. పడమట మెరుపు మెరిసేసరికి చిప్ప మునిగింది. మూడో రోజూ అంతే. సరిగ్గా ఒక్కసారి.

అంటే తనకూ దాలయ్యకూ నడుమ ఉన్నది ఒక గడియ. అంత పెద్ద రాజ్యం వెడల్పు ఒక్క గడియ!

అక్కడ కోటలో తగవు ముదిరింది. సూర్యుడు పుట్టేది మా దగ్గర, మా మధ్యాహ్నమే అందరిదీ కావాలి అన్నారు తూర్పు పెద్దలు. రాజ్యాన్ని కాపాడేది మేము, మాదే కావాలి అన్నారు పడమటి పెద్దలు. రాజు ఉండేది ఇక్కడ, మాదే అన్నారు కోట పండితులు. ముగ్గురికీ నచ్చే మధ్యాహ్నం తెచ్చినవాళ్ళకు అడిగింది ఇస్తానని రాజు చాటింపు వేయించాడు.

గవరమ్మ నడిచింది. చిప్ప కొంగున కట్టుకుని, ఊరు దాటి, ఏరు దాటి, అడవి దాటి, పగిలిన కాళ్ళతో కోటకు చేరింది.

"ఎవరమ్మా నువ్వు?" అన్నాడు రాజు.

"ఉప్పు మళ్ళలో కూలిదాన్ని దొరా."

"అబద్ధమాడింది ఎవరో చెప్పగలవా?"

"ఎవరూ ఆడలేదు దొరా. మూడు మధ్యాహ్నాలూ నిజమే."

పండితులు పకపకా నవ్వారు. గవరమ్మ వాళ్ళ వైపే తిరిగింది. "వీధిలో పల్లకీ పోతుంటే మొదటి ఇంటోళ్ళు ముందు చూస్తారు, చివరింటోళ్ళు తర్వాత చూస్తారు. అంతమాత్రానికి చివరింటోళ్ళు అబద్ధాలకోరులా బాబూ? సూరీడూ అంతే. మా ఇంటి ముందు నుంచి కొండల ముందుకు పోడానికి ఆయనకు ఒక గడియ పడుతుంది."

పండితుల నవ్వు ఆగిపోయింది. రాజు ముందుకు వంగాడు. "అయితే ఎవరి మధ్యాహ్నం ఉంచుకోవాలి?"

"ఎవరిదీ వద్దు దొరా. సగం దగ్గర ఆగండి. అక్కడి నీడే అందరికీ నీడ. తూర్పోళ్ళు అరగడియ ఆగాలి. పడమటోళ్ళు అరగడియ ముందు లేవాలి. కోట కూడా కాస్త జరగాలి. ఎవరూ గెలవరు. ఎవరూ ఓడరు."

అలా గవరమ్మ చిన్న చిప్ప ఇంకొకటి చేసింది. అది రెండుసార్లు మునిగితే ఒక గడియ. తూర్పు మెరుపు కనబడగానే దాన్ని నీళ్ళ మీద వదలాలి. సరిగ్గా ఒక్కసారి మునిగేసరికి ఎక్కడ నీడ ముడుచుకుంటుందో అదే సగం చోటు. రాజు మనుషులు ఆ చిప్ప పట్టుకుని నెలంతా తిరిగారు. చివరికి దొరికింది. ఏ ఊరికీ చెందని గుట్ట. తుప్పలు, రాళ్ళు, గాలి. దానికి పేరు కూడా లేదు. అందుకే ఎవరూ కాదనలేదు.

"ఇక అడుగమ్మా," అన్నాడు రాజు.

"నా మనిషిని ఇవ్వండి దొరా. కనుమలో ఉన్నాడు."

రాజు తల అడ్డంగా ఊపాడు. "రాయి మీద చెయ్యి వేసి అన్న మాట అది తల్లీ. ఒకడికి విప్పితే అందరికీ విప్పాలి. కనుమ ఖాళీ అవుతుంది. ఇంకేదైనా అడుగు."

గవరమ్మ కొంగున ఉన్న చిప్ప ముడి బిగించింది. "అయితే ఆ గుట్ట మీద మెరుపు చూపించే పని నాకివ్వండి."

"అక్కడేముంది? తుప్పలేగా!"

"సగం దూరం ఉంది దొరా. ఒడ్డున ఉంటే ఆయన రాజ్యమంత దూరం. అక్కడుంటే సగమే దూరం."

రాజు సరేనన్నాడు. నల్లకొండలకు చాటింపు తీసుకెళ్ళే మనిషితో గవరమ్మ ఒక్క మాట పంపింది. "కనుమలో దాలయ్య అని ఉంటాడు. ముక్కు చూస్తే తెలుస్తుంది. నీడ చూడొద్దు, మెరుపు చూడమని చెప్పు."

గుట్ట మీద నీడ ముడుచుకోగానే గవరమ్మ పళ్ళెం మెరిపించేది. తూర్పుకు ఒకటి, పడమటికి ఒకటి. అది చూసి ఊరూరా గంట కొట్టి, చిల్లుగిన్నె ఖాళీ చేసి, కొత్తగా నీళ్ళ మీద వదిలేవాళ్ళు. మబ్బు పట్టిన రోజున నిన్నటి నుంచి అరవై గిన్నెలు లెక్కపెట్టి, పచ్చాకులు వేసి పొగ పెట్టేది. రాజ్యమంతటికీ ఒకే మధ్యాహ్నం. అందింది అని పడమటి నుంచి తిరిగి ఒక మెరుపు వచ్చేది.

నలభయ్యో రోజున రెండు వచ్చాయి.

ఒకటి. ఒక్క ఊపిరి ఆగి, ఇంకొకటి.

గవరమ్మకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. మొదటిది రాజుకు. రెండోది తనకు. నడుమ పదకొండు గుట్టల మీద పదకొండు మంది ఉన్నారు. రెండోది ఎందుకని ఎవరూ అడగలేదు. అందినదాన్ని అందించడమే వాళ్ళ పని. గవరమ్మ ఏడుస్తూ పళ్ళేన్ని కొంగుతో తుడిచి, తనూ రెండోది మెరిపించింది. ఒడ్డు చిన్నబుచ్చుకోకూడదని తూర్పుకూ రెండు పంపింది.

అలా ఒక ఏడు. రెండేళ్ళు. మూడేళ్ళు. నాలుగో ఏడు ముగిసేలోగా దాలయ్య ఏడేళ్ళు నిండాయి.

నిండిన మర్నాడు పడమటి నుంచి ఒక్కటే మెరుపు వచ్చింది.

"ఆగిందంటే బయల్దేరినట్టే," అంది గవరమ్మ గాలితో. గుడిసె అలికింది. ఇద్దరికీ సరిపడా గంజి కాచింది. రోజూ రెండు మెరుపులు మెరిపించింది, దారిలో ఎక్కడున్నా చూసి ఆగి తలుచుకుంటాడని. దాలయ్య రాలేదు. దారిలో చలిజ్వరం వచ్చిందని కొందరన్నారు. ఏరు పొంగిందని కొందరన్నారు. ఆ ముక్కు మనిషి తుప్పల దారిలో ఎద్దులు తోలుకుంటూ ఇంకా వస్తూనే ఉన్నాడని కొందరు ఇప్పటికీ అంటారు. వెతకడానికి వెళ్దామంటే, తను లేనప్పుడు వస్తే? పైగా మధ్యాహ్నాన్ని ఎవరు చూసుకోవాలి? గవరమ్మ గుట్ట దిగలేదు. జుట్టు ఉప్పు రంగుకు తిరిగినా దిగలేదు. గంజి మాత్రం ఇద్దరికే కాచింది.

ఒక రోజు నీడ ముడుచుకుంది. గవరమ్మ మొదటిది మెరిపించింది. రెండోది మెరిపించింది. పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని, పడమటికి తిరిగి, కళ్ళు మూసుకుంది. మళ్ళీ తెరవలేదు.

ఆమె చోటికి కొత్త మనిషి వచ్చాడు. రాజాజ్ఞ ప్రకారం రోజూ ఒక్కటే మెరిపించాడు. అంతే, కొన్నాళ్ళకు పడమటి నుంచి కాపలా మనిషి పరుగెత్తుకొచ్చాడు. "రెండోది ఏదయ్యా?"

తూర్పు నుంచి ఇంకొకడు వచ్చాడు. "రెండోది ఏది? మళ్ళలో ఆడాళ్ళంతా పలకలు కింద పెట్టి నిలబడిపోతున్నారు!"

మూడోవాడు కోట నుంచి వచ్చాడు. అతను ఒగరుస్తూ అన్నాడు. "రాణీగారు అడగమన్నారు. చనిపోయిన అమ్మను తలుచుకోడానికి ఆమె రెండోదాని కోసం చూస్తారట."

అప్పుడు తెలిసింది. మొదటి మెరుపుకు రాజ్యం గిన్నెలు సరిచేసుకునేది. రెండో మెరుపుకు ఎవరి మనిషిని వాళ్ళు తలుచుకునేవాళ్ళు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. కొత్త మనిషి గబగబా పళ్ళెం తుడిచి ఎండలోకి తిప్పాడు.

ఆ రాజూ లేడు, ఆ పళ్ళేలూ లేవు. అయినా ఆ వైపు ఊళ్ళలో మధ్యాహ్నం గంట ఇప్పటికీ రెండుసార్లు కొడతారు. మొదటి గంటకు నడిచేవాళ్ళు ఆగుతారు. రెండో గంటకు కళ్ళు మూసుకుంటారు. రెండెందుకమ్మా అని పిల్లలు అడిగితే, తల్లులు చేతిలో పని కింద పెట్టి చెబుతారు.

"ఒకటి మనం వినడానికి. ఇంకోటి, దారిలో ఉన్నవాళ్ళు వినడానికి."