చెర్నాకోల పురుగు

అనగనగా ఒక కొండ. కొండ మీద కోట, కోటలో గిరిసేనుడనే రాజు, రాజు దగ్గర మూడు జాగిలాలు. వాటి పేర్లు మబ్బు, సివంగి, డోలు. అవి మొరిగితే చాలు, కొండ కింది మేకల మందల వైపు ఏ తోడేలూ తొంగి చూసేది కాదు.

ఆ కోటలో ఒక వింత ఆచారం ఉండేది. రాజుగారి తాత కాలంలో భైరవుడనే గొప్ప జాగిలం ఉండేదట. అది చనిపోతే జాగిలాలుండే శాల వెనక పెరట్లో పూడ్చారు. అప్పటినుంచి ప్రతి అమావాస్య నాడూ రాజు ఆ పెరటి మట్టిని స్వయంగా చిటికెడు తీసి, పెరుగన్నంలో కలిపి జాగిలాలకు పెట్టాలి. అలా పెడితే భైరవుడి విశ్వాసం వాటికీ ఒంటబడుతుందని నమ్మకం.

ఒక ఏడు వానలు విడవకుండా కురిశాయి. పెరడంతా చెమ్మ. ఆ ఏడే జాగిలాలు చిక్కిపోయాయి. పక్కటెముకలు లెక్కపెట్టవచ్చు. మలంలో జిగట, జిగటలో నెత్తురు. మొరగబోతే మూలుగు వచ్చేది. తోడేళ్లు ఒక్క వారంలో ఏడు మేకలను ఎత్తుకుపోయాయి.

రాజుకు కోపం వచ్చింది. "వచ్చే వానాకాలంలోగా ఇవి కోలుకోకపోతే అడవిలో వదిలేయండి" అన్నాడు.

అడవిలో ఎవరుంటారో జాగిలాలకు తెలుసు. డోలు తోకను కాళ్ల మధ్య దాచుకుంది.

మొదట సోదె చెప్పేవాడు వచ్చి, దిష్టి తగిలిందన్నాడు. నిమ్మకాయలు కట్టారు. నిమ్మకాయలు ఎండాయి, జాగిలాలూ ఎండాయి.

తర్వాత వంటవాడు వచ్చి, బలం చాలలేదన్నాడు. మాంసం వండి పెట్టారు. తిన్నాయి, ఇంకా చిక్కాయి.

మూడోసారి శాల ఊడ్చే ఓబమ్మ ముందుకొచ్చింది. "నేను చూస్తాను ప్రభూ."

"నీకేం తెలుసని చూస్తావు?" అన్నాడు రాజు.

"తెలియదు. అందుకే చూస్తానంటున్నాను."

ఓబమ్మ రోజూ జాగిలాల మలాన్ని మోదుగాకులో ఎత్తి, నీళ్లు పోసి, ఎండలో పెట్టి పుల్లతో కదిపి చూసేది.

"ఏమిటమ్మా ఆ పాడు పని? మాకే సిగ్గుగా ఉంది" అంది సివంగి.

"నీ సిగ్గు తర్వాత చూసుకుందాం, ముందు నీ పేగుల సంగతి తేలనీ" అంది ఓబమ్మ.

మొదటి రోజు ఏమీ లేదు. రెండో రోజూ లేదు. మూడో రోజు ఒక పురుగు కనిపించింది. చిటికెన వేలంత పొడవు. ఒక కొన దారంలా సన్నం, రెండో కొన లావు. అచ్చం బండివాడి చెర్నాకోలే!

"లావుగా ఉన్నదే తల" అంది మబ్బు.

"కాదు. సన్నటి కొనకు పేగు తునక అంటుకుని ఉంది చూడు. దారంలాంటి తలను నీ పేగులో కుట్టుకుని, తోక వేలాడేసుకుని నీ నెత్తురు తాగుతోంది."

మబ్బు ఆ పూట అన్నం తినలేదు.

ఓబమ్మ వైద్యుడి దగ్గర నులిపురుగుల మందు తెచ్చి మింగించింది. జాగిలాలు కోలుకున్నాయి. మూడు నెలలు తిరిగేసరికి మళ్లీ చిక్కాయి.

"మందు దొంగది" అన్నాడు వంటవాడు.

"మందు మంచిదే. మరి పోయిన పురుగు మళ్లీ ఎటు నుంచి వచ్చింది?" అని ఓబమ్మ తనను తానే ప్రశ్నించుకుంది.

మళ్లీ మందు పట్టింది. ఈసారి మబ్బును పెరట్లోనే ఉంచింది. డోలును, సివంగిని ఎండ బాగా తగిలే బండ మీద వేరువేరుగా కట్టింది. ఇంకో పని కూడా చేసింది కానీ, అది ఎవరికీ చెప్పలేదు.

మూడు నెలలు గడిచాయి. మబ్బు చిక్కింది. బండ మీదున్న డోలూ చిక్కింది. సివంగి మాత్రం నిగనిగలాడుతోంది.

వానాకాలం వచ్చింది. రాజు శాలకు వచ్చాడు. "రెండూ బండ మీదే ఉన్నాయి కదా! ఒకటి బాగుండి ఒకటి చిక్కడమేమిటి?"

ఓబమ్మ మనసులో లెక్క వేసుకుంది. నిజం చెబితే తల పోవచ్చు. చెప్పకపోతే జాగిలాలు పోతాయి.

"ప్రభూ, డోలు మీరు పెట్టిన పెరుగన్నం తింది. సివంగి తినలేదు. దాని ముద్దను మూడు అమావాస్యలూ నేనే తీసి మట్టిలో పాతేశాను. చిక్కిన రెండింటికీ అంటినది ఆ పెరటి మట్టే. జాగిలాలు అక్కడే విసర్జిస్తాయి. కంటికి ఆనని పురుగు గుడ్లు ఆ చెమ్మలో ఏళ్ల తరబడి చావవు. మీరు చేత్తో ఎత్తి పెడుతున్నది వాటినే."

"మా తాతగారి ఆచారాన్ని తప్పంటావా?" రాజు చెయ్యి కత్తి మీదికి పోయింది. "మట్టి తినని కుక్కకు విశ్వాసం ఎక్కడిది?"

సివంగి లేచి నిలబడింది. "ప్రభూ, ఈ తెల్లవారుజామున రెండు తోడేళ్లను మొరిగి తరిమింది నేనే. మట్టి తిన్నవాళ్లిద్దరూ లేవలేకపోయారు. విశ్వాసం వాళ్లకూ ఉంది. దాన్ని మోయడానికి ఒంట్లో నెత్తురే లేదు."

డోలు అవునన్నట్టు తల ఎత్తబోయి, ఎత్తలేక దించుకుంది.

రాజు దాన్ని చూశాడు. కత్తి మీది చెయ్యి తీసి, ఆ చేతి గోళ్లలో ఇరుక్కున్న మట్టిని చూసుకున్నాడు. "ఓబమ్మా, నీళ్లు తే" అన్నాడు.

చేతులు కడుక్కున్నాక పెరటి మట్టిని లోతుగా తవ్వించి, కోటకు దూరంగా గోతిలో పూడ్పించి, పెరట్లో ఎండ పడేలా బండలు పరిపించాడు. ఓబమ్మ మలాన్ని ఏ రోజుకారోజు ఎత్తేసేది. మబ్బుకు, డోలుకు నెలకోసారి చొప్పున మూడు నెలలు మందు పట్టింది. అమావాస్యకు పెరుగన్నం మానలేదు. అందులో మట్టి మానింది. భైరవుడికి పూలు పెట్టారు. మళ్లీ వానలు వచ్చేసరికి కొండ కింద మూడు గొంతులు కలిసి మొరిగాయి.

రోగాన్ని వెళ్లగొడితే సగం పనే అయినట్టు. అది వచ్చే దారిని వెతికి, ఆ దారి మన చేతిలోనే ఉన్నా సరే, మూసేసినవారే దాన్ని గెలుస్తారు.