కిటికీల బనీను

ఏడాది తిరిగిపోయింది. రత్నకుమారి చేతికి ఒక్క కాగితం కూడా రాలేదు.

మార్కాపురంలో వయసు మీదపడి పలకల పని మానేసిన కాశింపీరా గురువుగారి వసారాలో ప్రతి ఆదివారం సాయంత్రం పదిమంది చేరతారు. ఎవరి బతుకు గురించి వాళ్ళే ఓ చిన్న వ్యాసం రాసుకొచ్చి చదవాలి. అదీ గురువుగారిచ్చిన పలక మీదే. చదవడం అయిపోగానే తడిగుడ్డతో తుడిచెయ్యాలి. మర్నాడు ఆ సంగతి ఊళ్ళో ఎవరి నోటనైనా తిరిగి వినపడిందా, గురువుగారు కాగితం ఇచ్చి రాసి దాచుకోమంటారు. వినపడలేదా, తుడిచింది తుడిచినట్టే పోతుంది. ఆ వసారాలో కట్టుబాటు అది.

బస్సు కండక్టరు పుల్లయ్యకు పదకొండు కాగితాలు వచ్చాయి. బట్టలు కుట్టే బీబీజానుకు ఏడు. ఇంటర్లో తెలుగులో ఫస్టు వచ్చిన అంగన్‌వాడీ టీచరు రత్నకుమారికి మాత్రం సున్నా. ఆవిడ రాసేవి మామూలు సంగతులా మరి! కాలప్రవాహం, మానవజీవితం, మౌనమనే మహాసముద్రం. సముద్రాన్ని ఆవిడ చూసింది ఒక్కసారే, చీరాల దగ్గర, అదీ కొత్త చెప్పులు పోగొట్టుకుని ఇంటిదాకా ఏడుస్తూ వచ్చిన రోజు. ఆ చెప్పుల సంగతి ఎప్పుడూ రాయలేదు. అంత చిన్న సంగతి రాయడం నామోషీ కదా.

ఆ ఆదివారం పలక తిరిగిచ్చేసి, ఇక ఈ రాతకో దండం అని చెప్పేద్దామనే బయల్దేరింది. వసారా చేరేసరికి గంట ఆలస్యమైంది. చీర కుచ్చిళ్ళు తడిసి కాళ్ళకు చుట్టుకుంటున్నాయి.

"ఏమ్మా, ఇంత ఆలస్యం?" అన్నారు గురువుగారు.

"ఏం చెప్పమంటారు గురువుగారూ. పక్క పోర్షను ఓబులమ్మకీ నాకూ రెండు నెలలుగా మాటల్లేవు. మేడ మీద ఎండ తగిలే దండెం ఒక్కటే ఉంది, దాని కోసమే గొడవ. ఇవాళ ఆమె బజారుకెళ్ళిన వేళ చూసి వాన కొట్టింది. ఇద్దరి బట్టలూ తెచ్చి మా మంచం మీద పడేశా. ఆమె వచ్చింది. మాటా లేదు, పలుకూ లేదు. చెరో పక్కన కూర్చుని ఎవరివి వాళ్ళం ఏరుకుంటున్నాం. ఆమెవి పిండితే బకెట్టు నిండింది. ఓ పక్కనుంచి మా ఆయన బనీను ఆమె చేతికొచ్చింది, అప్పడంలా పొడిగా. వెలుతురుకేసి ఎత్తి పట్టుకుని చూసి, 'ఇది మీదేలే, మా ఆయన బనీనుకు ఇన్ని కిటికీలుండవు' అంది."

వసారా అంతా గొల్లున నవ్వింది. పుల్లయ్య కళ్ళు తుడుచుకుంటూ ఆ బనీను సంగతి మళ్ళీ చెప్పించుకున్నాడు. ఆ నవ్వుల్లో పడి రత్నకుమారి పలక ఇవ్వడమే మర్చిపోయింది. చంకలో పెట్టుకుని ఇంటికి తెచ్చేసుకుంది.

తెల్లారి కూరలబండి అతను వంకాయలు తూస్తూ, "టీచరమ్మా, కిటికీల బనీను మీదేనంటగా" అన్నాడు. అంగన్‌వాడీ సెంటర్లో ఆయమ్మ అదే అడిగింది. పిల్లల్ని దింపడానికొచ్చిన తల్లులు కొంగులు అడ్డం పెట్టుకున్నారు. వేరే రోజైతే సిగ్గుతో చచ్చిపోయేదే. ఇవాళ కాళ్ళు నేల మీద ఆనడం లేదు. మధ్యాహ్నం సెంటరు మూసీ మూయకుండానే పలక చంకన పెట్టుకుని పరుగులాంటి నడకతో వెళ్ళి వసారాలో నిలబడింది.

"వినపడింది గురువుగారూ. రెండు చోట్ల."

ఆయన లోపలికెళ్ళి కాగితం తెచ్చి ఇచ్చారు. అక్కడే కూర్చుని రాసేసింది. ఏడాదిగా ఒక్కో వాక్యానికీ గోళ్ళు కొరుక్కున్న మనిషి, ఇప్పుడు మనసు ఉరికినంత వేగంగా చెయ్యి కదలడం లేదని విసుక్కుంది. రాసి, రెండు చేతులతో అందించింది.

గురువుగారు కళ్ళద్దాలు పెట్టుకుని చదివారు. బనీను దగ్గర మీసాల్లో నవ్వుకున్నారు. మళ్ళీ మొదటినుంచి చదివారు.

"దండెం ఒకటేనా?"

"ఒకటేనండీ."

"వానా ఒకటే."

"ఒకటే."

"ఆవిడవి బకెట్టు నిండేంత తడిస్తే, మీ ఆయన బనీను పొడిగా ఎట్లా ఉందమ్మా?"

రత్నకుమారికి చెవులు వేడెక్కాయి. కూరలబండి అతను ఈ మాట అడగలేదు. వసారాలో ఇంతమంది విని నవ్వారు, ఒక్కరూ అడగలేదు. తనను తానూ అడుక్కోలేదు.

"చినుకు పడగానే నావి తెచ్చేసుకున్నా," అంది చివరికి. "ఆమెవి తడుస్తుంటే మేడ మెట్ల కిటికీ దగ్గర నిలబడి చూశా. బాగా అయింది అనుకున్నా. చాలాసేపే చూశా. తర్వాత మనసొప్పక వెళ్ళా."

గురువుగారు కళ్ళద్దాలు తీశారు.

"తడివి ఆమెవి, పొడివి నావి. ఏరుకుంటున్నప్పుడే ఓబులమ్మకు తెలిసిపోయి ఉంటుంది కదా గురువుగారూ. తెలిసే నవ్వించింది నన్ను."

ఆ మాట అంటుండగానే చెయ్యి దానంతటదే పెన్ను కోసం వెతుకుతోంది.

గురువుగారు ఆ కాగితం మడిచి పక్కన పెట్టారు. ఇంకో తెల్లకాగితం తెచ్చి ఆమె ముందు పరిచి, గాలికి లేవకుండా దాని అంచు మీద ఆమె పలకే బరువు పెట్టారు.

"అది ఊరు రాసిందమ్మా. ఇది నువ్వు రాయి."